ముక్కుపొడి డబ్బాలో చిట్టి టమోటాలు

నేను ఒక ముక్కుపొడి డబ్బాను. అరచేతిలో ఇమిడిపోయే గుండ్రటి రేకు డబ్బాను. నా మూత మీద ఒకప్పుడు నెమలి ఉండేది. ఇప్పుడు తోక మాత్రమే మిగిలింది. చూసినవాళ్లకి నెమలి ఎటో వెళుతూ తోక మరిచిపోయినట్టు ఉంటుంది. నాకు నోరుంది కానీ మాట లేదు. ఆ లోటు వల్ల ఒక ఇంట్లో ఎంత దుఃఖం కలిగిందో చెప్పడానికే ఈ కథ.

పట్నంలో ఒక షెడ్డులో, పాత నూనెడబ్బాల రేకుతో నన్ను చేశారు. మనుషులు పుట్టగానే ఏడుస్తారట. నేను మోగాను. అక్కడి నుంచి నేను మదనపల్లె దగ్గర ఒక పల్లెకి, చెంగల్రాయుడు అనే టైలరు చేతికి వచ్చాను. ఆయన దేనికైనా కొలత తీసే మనిషి. పొడికి రేకువాసన అంటకూడదని, చొక్కాల కొలతలు గీసుకునే మందపాటి కాగితంలోంచి గుండ్రటి ముక్క కత్తిరించి నా అడుగున పరిచాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా అతికింది. రోజుకు నాలుగుసార్లు చిటికెడు పొడి పీల్చేవాడు. తుమ్ము బాగా వస్తే ఆ రోజు కుట్టిన బట్ట కూడా బాగా కుదిరిందని నమ్మేవాడు.

ఆయన పోయాక ఆయన భార్య మునెమ్మ నన్ను పారేయలేకపోయింది. ఊరికే దాచుకున్నానంటే నలుగురూ నవ్వుతారని, "పొగాకు వాసనకి పురుగు పట్టదు" అని అందరికీ చెప్పి నాలో విత్తనాలు పోసింది. మనుషులు ఇంతే. ప్రేమకి కూడా ఏదో ఒక పని కల్పిస్తారు.

అవి చిట్టి టమోటా విత్తనాలు. బఠానీగింజంత ఉండే కామంచి పండు కంటే కాస్త పెద్దవిగా, గుత్తులు గుత్తులుగా కాస్తాయి. ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ సంతకి పంపే పెద్ద టమోటా పండిస్తాయి. ఈ చిట్టివాటిని ఎవరూ కొనరు. అంట్లు తోమే చోటు వెనక, ఆ నీళ్లు తాగి, కంచె మీదికి ఎగబాకి, వాటి పాటికి అవే కాసేవి. మునెమ్మ పండిన గుత్తిని గిన్నెలో పిసికి, రెండు రోజులు పక్కన పెట్టి, పైన నురగ తేలాక కడిగి, బూడిదలో పొర్లించి నీడన ఆరబెట్టేది. ఆ తర్వాత నాలోకి.

నా లోపలి చీకటి గురించి మీకు తెలియదు. విత్తనాలు అందులో పడుకుని కలలు కంటాయి. వానపడే ముందు అవి ఒకదానికొకటి ఆనుకుని గుసగుసలాడతాయి. అర్థం తెలియకపోయినా ఆ గుసగుసల్లో తేలిపోతూ ఎన్ని ఎండాకాలాలు గడిపానో.

పీలేరులో ఉండే కూతురికి కవలలు పుట్టడంతో మునెమ్మ అక్కడికి వెళ్లాల్సి వచ్చింది. బయలుదేరే రోజు నన్ను కోడలు రెడ్డెమ్మ చేతిలో పెట్టింది.

"ఇంట్లో ఏం పోయినా ఏమనను మే. ఈ ఇత్తనం మాత్రం పోనియ్యొద్దు. మా యమ్మ కొంగున ముడేసి పంపించినేది ఇదొక్కటే."

"నా పానం మాదిరి చూసుకుంటా అత్తా," అంది రెడ్డెమ్మ.

అన్నట్టే చూసుకుంది. మాట తప్పే మనిషి కాదు రెడ్డెమ్మ. ఆ వచ్చిన వానకే నన్ను వంచి విత్తనాలన్నీ మడిలో చల్లింది. అన్నీ అనుకుంది. కాగితం అంచు ఒకచోట లేచి ఉండటంతో కొన్ని దాని కిందికి జారాయి. నాకు తెలిసింది. చెప్పలేకపోయాను.

రెడ్డెమ్మ పుట్టింట్లో ఒక పద్ధతి ఉండేది. తీగకి కాసిన సొరకాయల్లో అన్నిటికంటే పెద్దదానికి వాళ్ల నాన్న ఎర్రగుడ్డ కట్టేవాడు. అది విత్తనం కాయ, ఎవరూ ముట్టకూడదు. రెడ్డెమ్మ చిట్టి టమోటాలకీ అలాగే కట్టింది. ఏటా చెట్లన్నీ వెతికి, అన్నిటికంటే పెద్ద పండుకి గుడ్డపీలిక చుట్టి, దాని విత్తనమే నాలో పోసింది. పక్కింటి మడిలో సంత టమోటా పూసేది. తేనెటీగలకి గోడలుంటాయా! మూడో ఏటికి పండు రేగుపండంత అయింది. ఆ తర్వాత ఉసిరికాయంత. "నీ చెయ్యి మంచిది రెడ్డెమ్మా" అని అమ్మలక్కలు మెచ్చుకుంటే ఆమె ముఖం వెలిగిపోయేది. నాలో మాత్రం గుసగుసలు ఆగిపోయాయి. కొత్త విత్తనాలు మొద్దునిద్ర పోయేవి. కాగితం కింద నుంచి ఒక్కోసారి సన్నగా ఏదో వినిపించేది, అంతే.

ఆరేళ్లకి మునెమ్మ తిరిగివచ్చింది. రెడ్డెమ్మ ఆ ఉదయమే కోసిన పండ్లు పళ్లెం నిండా పోసి అత్త ముందు పెట్టింది. మునెమ్మ ఒకటి కొరికి, పళ్లెం వైపు చూసింది.

"ఏం టమోటా మే ఇది?"

"మనదే అత్తా. నువ్విచ్చినేదే."

"మనది గాదు. మనది నోట్లో ఏస్తే టప్పుమని పగలాల. పులుపుకి ఒక కన్ను దానంతటదే మూసుకోవాల. ఇది సంతలో కాయ."

"ఏటేటా పెద్ద కాయ చూసి, గుడ్డ కట్టి మరీ ఉంచినా గదత్తా!"

"సొరకాయకి కట్టినట్టా?"

"మా నాయన అట్టే కట్టేవోడు."

మునెమ్మకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. "బుడ్డదాన్ని సాకమనిస్తే పెంచి పెద్ద చేసేసినావు గదే," అని నవ్వబోయి, సగంలో ఆపి, పళ్లెం పక్కకి జరిపింది.

ఆ వారమంతా రెడ్డెమ్మ ఇల్లిల్లూ తిరిగింది. ఒకప్పుడు మునెమ్మ దగ్గర నారు తీసుకున్నవాళ్లందరినీ అడిగింది. అందరూ ఎప్పుడో పీకేశారు. "ఆ పిట్ట కాయల కోసం ఏడస్తాండావా?" అని ఒకామె వింతగా చూసింది. రెడ్డెమ్మ తన చెట్లలోనే అన్నిటికంటే చిన్నవి ఏరి అత్తకి ఇచ్చింది. మునెమ్మ రెండు కళ్లూ తెరుచుకునే నమిలి, "పర్వాలేదులే మే," అంది. ఆ మాటకి రెడ్డెమ్మ కంచె పక్కకి పోయి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను అలమర అంచు మీద కూర్చుని, నాలో నేనే అరుస్తున్నాను. రేకు డబ్బా అరిస్తే ఎవరికి వినబడుతుంది!

ఒక మధ్యాహ్నం మునెమ్మ నన్ను చేతిలోకి తీసుకుంది. విత్తనాల కోసం కాదు. మూత తీసి, ఉన్నవి పక్కన పోసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. మొగుడి వాసన కోసం. పైన ఏం మిగల్లేదు. ఆమె కాసేపు ఆలోచించి, చిటికెనవేలి గోరు దూర్చి, చెంగల్రాయుడు కత్తిరించిన కాగితం మెల్లగా లేపింది. దాని కింద ఏళ్లనాటి పొడి పల్చగా అంటుకుని ఉంది. గట్టిగా పీల్చింది.

అంతే, తుమ్ము! ఒకటి కాదు, మూడు. మూడో తుమ్ముకి నా అడుగున ఉన్నవన్నీ ఎగిరి ఆమె ఒళ్లో, చాప మీద, గడప దాకా పడ్డాయి. ఒళ్లో పడినదాన్ని మునెమ్మ వేలి మీదికి తీసుకుంది. సన్నగా, ఒకప్పుడు తను పొర్లించిన బూడిద అంటి ఉంది.

"రెడ్డెమ్మా! అడుగెయ్యొద్దు! యాడుండావో ఆడనే నిలబడు!"

వంటగది గుమ్మంలో రెడ్డెమ్మ ఒంటికాలి మీద ఆగిపోయింది. "తేలా అత్తా?"

"ఇత్తనం మే! మన ఇత్తనం!"

అత్తాకోడళ్లు మోకాళ్ల మీద పాకుతూ ఏరారు. పదకొండు దొరికాయి. "సచ్చినా ఆయప్ప తుమ్ము ఆయప్పదే," అంది మునెమ్మ ముక్కు తుడుచుకుంటూ. కళ్లు కూడా తుడుచుకుంది.

పాత విత్తనాలు. మొలుస్తాయన్న నమ్మకం లేదు. కొబ్బరిచిప్పల్లో మట్టి, బూడిద కలిపి ఒక్కొక్కటిగా నాటారు. తెల్లవారగానే రెడ్డెమ్మ ముఖమైనా కడగకుండా చిప్పల ముందు కూర్చునేది. పదో రోజున మూడు మొలకలు తల ఎత్తాయి. ఒకటి మెడ వాల్చింది. మిగిలిన రెండూ నిలబడ్డాయి. పూత రాగానే రెడ్డెమ్మ తన పెళ్లినాటి పల్చటి వోణీ తెచ్చి చెట్ల మీద కప్పింది, పక్కింటి తేనెటీగలు రాకుండా. గాలికి ఆ వోణీ ఉబ్బితే లోపల చెట్లు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుండేది. రోజూ పొద్దున మునెమ్మ వచ్చి పూలగుత్తులని గోటితో తట్టేది, నిద్రపోతున్న పిల్లల్ని లేపినట్టు.

మొదటి గుత్తి ఎర్రబడిన రోజు రెడ్డెమ్మ ఒక్క పండు తుంచి అత్త అరచేతిలో పెట్టి, ఆమె ముఖం వైపే చూస్తూ నిలబడింది. మునెమ్మ నోట్లో వేసుకుంది. టప్పుమన్న శబ్దం కిటికీలో ఉన్న నాకూ వినిపించింది.

మునెమ్మ ఎడమ కన్ను మూసుకుపోయింది.

రెడ్డెమ్మ ఏడుస్తూ నవ్వింది. మునెమ్మ ఒంటికన్నుతోనే ఆమెను చూసి, "ఈతూరి గుడ్డ కట్టేదుంటే నీ చేతులకి కట్టుకో," అంది.

ఇప్పుడు ఆ విత్తనాలు బిగుతు మూత ఉన్న గాజుసీసాలో ఉన్నాయి. నాలుగిళ్లకి నారు కూడా వెళ్లింది. నాకు తుప్పు పట్టింది. మూత సరిగా పట్టదు. పాతసామాన్ల బండి వచ్చినప్పుడు రెడ్డెమ్మ పనికిరానివన్నీ వేసింది, నన్ను వెయ్యలేదు. చూసేవాళ్లకి నేను ఉత్త డబ్బాని.

కానీ చెంగల్రాయుడి కాగితం మళ్లీ నా అడుగున ఉంది. పరిచే ముందు రెడ్డెమ్మ దాని కింద పదకొండు గింజలు పెట్టింది. వానకి ముందు అవి గుసగుసలాడుతుంటే వింటూ ఉంటాను. నాకు మాట లేదన్న బాధ ఇప్పుడు లేదు. అడుగున ఏముందో ఆమెకి తెలుసు.