నాయనమ్మ గట్టిగా చేసిన ప్రార్థన

ఆ రోజు పొద్దున ఇంట్లో అయిదుగురున్నారు. కిటికీ పక్కన కుట్టు మిషను ముందు నాయనమ్మ. రాత్రి డ్యూటీ దిగొచ్చి, నిద్ర పట్టక బల్ల మీద కూలబడి ఆవలిస్తున్న నాన్న. ఆయన బస్సు డ్రైవరు. బఠాణీలు ఒలుస్తూ సగం గిన్నెలోనూ సగం నోట్లోనూ వేసుకుంటున్న మేనత్త. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీలో, టీ కప్పు ఊదుకుంటూ పాస్టరమ్మ. గోడవార నేల మీద బొత్తాల డబ్బా ముందేసుకుని, రంగులవారీగా వేరు చేస్తూ మనవరాలు గుసగుస. అమ్మ అప్పటికే పనికి వెళ్ళిపోయింది కాబట్టి ఆమెను ఈ గొడవలో కలపక్కర్లేదు.

గుసగుస ఆ ఇంటి ఒక్కగానొక్క ఆడపిల్ల. పదో తరగతి చదువుతోంది. అసలు పేరు వేరే ఉంది. కానీ బళ్ళో టీచరు ఏదైనా అడిగితే పక్క పిల్లకి కూడా వినపడనంత మెల్లగా జవాబు చెప్పేది. దాంతో ఆ పేరు బళ్ళో పుట్టి, ఇంటిదాకా నడిచొచ్చి, ఇంట్లోనే స్థిరపడిపోయింది.

ఆ పిల్లకి ఆ మధ్య ఒకటే ధ్యాస. దేవుడి మాట వినాలి. చర్చిలో చాలామంది లేచి నిలబడి "దేవుడు నాతో మాట్లాడాడు" అని చెబుతారు. ఎట్లా మాట్లాడాడో, అది ఆయన మాటేనని ఎట్లా తెలిసిందో మాత్రం ఎవరూ చెప్పరు. అడుగుదామంటే ఈమెకి నోరు పెగలదు. అందుకని అడగడం మానేసి, నాయనమ్మను కనిపెట్టుకుని ఉండేది. వినే మనిషంటూ ఉంటే అది నాయనమ్మేనని ఆమెకి గట్టి నమ్మకం.

నాయనమ్మ పని తీరే వేరు. బట్ట మిషను సూది కింద పెట్టగానే, అది ఎవరి బట్టో ఆ మనిషి కోసం ప్రార్థన మొదలయ్యేది. కాలు తొక్కుతున్నంతసేపూ పెదవులు కదులుతూనే ఉండేవి. కాలరు కుడుతుంటే ఆ మెడ మీది బరువు దించమని, పిల్లల నిక్కరు కుడుతుంటే మోకాళ్ళు పగలకుండా చూడమని అడిగేది. దారం తెంపితే ఆమెన్ అన్నట్టు.

"మా అమ్మ దగ్గర కుట్టించుకుంటే చొక్కాతో పాటు రక్షణ కూడా వస్తుంది" అనేది మేనత్త.

ఒక్కోసారి ఎవరో పిలిచినట్టు మధ్యలో మిషను ఆపేసేది. ఒకసారి అలాగే లేచి, పై అంతస్తులో ఒంటరిగా ఉండే గడియారాల రిపేరతని గదికి వెళ్ళి చూస్తే, ఆయన జ్వరంతో మంచినీళ్ళిచ్చే దిక్కు లేక పడి ఉన్నాడు. ఇంకోసారి వానలో తడుస్తూ లాండ్రీ వాళ్ళింటికి వెళ్ళింది. అక్కడ అందరూ హాయిగా నవ్వుకుంటూ భోంచేస్తున్నారు. నీళ్ళు కారుతూ తిరిగొచ్చి, "తప్పు విన్నానే. పోనీలే, కాళ్ళకి కాస్త పని తగిలింది" అని తల తుడుచుకుంది. గడియారాలతని సంగతి కంటే ఇదే గుసగుసకి బాగా నచ్చింది. తప్పు విన్నానని చెప్పినవాళ్ళని ఆమె చర్చిలో ఇంతవరకూ చూడలేదు.

ఇప్పుడు గొడవంతా నర్సమ్మ గురించి.

నర్సమ్మ ఆసుపత్రిలో పని చేస్తుంది, పక్క వీధిలో మేడ మీద ఉంటుంది. కిందటి వారం యూనిఫాం పట్టుకొచ్చి, నడుము దగ్గర కాస్త వదులు చెయ్యమంది. నాయనమ్మ టేపు చుట్టి ఆగింది. నర్సమ్మ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎవరికీ చెప్పకండి పెద్దమ్మా. మా అత్తగారికి కూడా చెప్పలేదు. ఇంతకుముందు రెండుసార్లూ అందరికీ చెప్పుకున్నాక నిలవలేదు" అంది. గుసగుస అప్పుడు ఇదే గోడవార ఉంది. విన్నది. ఎవరితోనూ అనలేదు.

నిన్న చర్చి హాల్లో ఆడవాళ్ళ కూడిక జరిగింది. ప్రార్థన చెయ్యమని నాయనమ్మని అడిగారు. చేసింది. రోగుల కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళ కోసం, పరీక్షలు రాసేవాళ్ళ కోసం. గొంతు పెరిగింది, కన్నీళ్ళొచ్చాయి. ఆ ఊపులో, "ప్రభువా, మా నర్సమ్మ కడుపులో నువ్వు వెలిగించిన దీపాన్ని ఈసారైనా ఆరిపోనివ్వకు తండ్రీ" అనేసింది. హాలంతా ఆమెన్ అంది. గుసగుసకి ఒళ్ళు జలదరించింది. కూడిక అయ్యాక అందరూ నాయనమ్మ చేతులు పట్టుకుని వదల్లేదు. ఇంటికొచ్చే దారిలో గానీ ఆ పిల్లకి 'ఎవరికీ చెప్పకండి' అన్న మాట గుర్తు రాలేదు.

"పాల షాపు దగ్గర చూడాల్సింది" అంటోంది మేనత్త. "ఇద్దరు ఆడవాళ్ళు నర్సమ్మని చెరో పక్కా పట్టుకుని, శుభవార్తటగా, మాకు చెప్పనే లేదేంటీ అని ఒకటే ముద్దు చేస్తున్నారు. ఆ పిల్ల ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పాల ప్యాకెట్లు పిసికేస్తోంది గానీ మాట లేదు. అక్కడే వాళ్ళత్తగారు కూడా ఉంది."

"అయ్యో" అన్నాడు నాన్న. "అమ్మా, దేవుడికేమన్నా చెవుడా? మెల్లగా చెప్పినా వినేవాడు కదా!"

"నవ్వులాటగా ఉందా బాబూ నీకు?" అంది పాస్టరమ్మ. "పెద్దమ్మగారూ, మీరు దిగులు పెట్టుకోకండి. అది మీ మాట కాదు, ఆత్మ పలికించిన మాట. నిన్న ఎంతమంది ఏడ్చారో చూశారుగా! అందుకే నేనొచ్చింది. వచ్చే వారం పెద్ద కూడికలో కూడా మీరే ప్రార్థన చెయ్యాలని అందరూ అడుగుతున్నారు."

నాయనమ్మ మడత పెట్టి ఉన్న నర్సమ్మ యూనిఫాం తీసి, నడుము కుట్టు సూది కింద పెట్టింది. మిషను కదిలింది. మేనత్త మళ్ళీ బఠాణీల్లో పడింది, పాస్టరమ్మ టీలో పడింది. గుసగుస ఒక్కతే నాయనమ్మ పెదవులు చూసింది. అవి కదలడం లేదు.

జానెడు కుట్టి ఆగింది. బ్లేడుతో కుట్టు విప్పింది. మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ ఆపి విప్పింది.

"రావట్లేదు" అంది.

"దారమా? బాబిను చూడు" అన్నాడు నాన్న.

"దారం కాదురా. ప్రార్థన."

అప్పుడు గుసగుస, చేతిలో బొత్తాలు డబ్బాలోకి జారవిడిచి, "నాయనమ్మా, ఆయన మాట్లాడాడని ఎట్లా తెలుస్తుంది?" అని అడిగింది. అందరూ ఆమె వైపు తిరిగారు. పాస్టరమ్మకైతే ఆ పిల్లకి గొంతుందని అప్పుడే తెలిసినట్టుంది.

నాయనమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అందరి సంగతీ నాకు తెలీదమ్మా. నా వరకూ ఒకటే గుర్తు. ఆయన మాట్లాడిన రోజు నాకు పని పెరుగుతుంది. ఎవరింటికో వెళ్ళాలి, ఎవరికో ఏదో చెయ్యాలి, కాళ్ళు నొప్పి పుట్టాలి. నిన్న నాకు పనేం పెరగలేదు. పేరు పెరిగింది." విప్పిన కుట్టు వైపు చూసింది. "ఇదిగో, ఇప్పుడు పెరిగింది పని. నా చెప్పులెక్కడ?"

"ఇప్పుడెందుకమ్మా?" అన్నాడు నాన్న. "ఆవిడ కోపం చల్లారనీ. యూనిఫాం కుట్టడం పూర్తి చేసి, అదిచ్చే వంకన వెళ్ళు."

"వంక పెట్టుకుని వెళ్తే ఆ పిల్లకి యూనిఫాం అందుతుంది. క్షమాపణ అందదు."

"మేమూ వస్తాం పెద్దమ్మగారూ" అని పాస్టరమ్మ కప్పు కింద పెట్టింది. "అందరం కలిసి ఆమె మీద చేతులుంచి ప్రార్థన చేద్దాం."

"వద్దులెండి పాస్టరమ్మగారూ" అంది మేనత్త. "చేసిన ప్రార్థనే ఇంకా అరగలేదు."

నాయనమ్మ గుసగుస వైపు చెయ్యి చాపింది. "నువ్వు రా. మెట్లెక్కేటప్పుడు నాకు ఊత కావాలి."

వీధిలో తెలిసినవాళ్ళు ఆగి పలకరించారు. నిన్నటి ప్రార్థన గురించి ఒకావిడ చేతులు పట్టుకుని మరీ పొగిడింది. నాయనమ్మ "ఆఁ, ఆఁ" అంటూ తల దించుకుని ముందుకి నడిచింది. ఎప్పుడూ నిటారుగా నడిచే మనిషి, హెడ్మాస్టరు గదికి పిలిపించిన పిల్లలా నడుస్తోంది. గుసగుసకి జాలేసింది. జాలి వెంటే ఇంకోటి కూడా కలిగింది. ఇంతమంది చేతులెత్తి మొక్కేంత గౌరవం ఇస్తుంటే దాన్ని అక్కడే వదిలేసి, తిట్లు తినడానికి ఇంత వేగంగా నడిచే మనిషి తన నాయనమ్మ. ఆ చెయ్యి తను పట్టుకుని ఉంది.

"ఏం చెప్తావు నాయనమ్మా?"

"తెలీదు. ముందే తయారు చేసుకుంటే నిన్నటిలాగా బాగా వస్తుంది. బాగా రాకూడదు."

మేడ మెట్లు ఇరుకుగా, నిలువుగా ఉన్నాయి. మలుపు దగ్గర నాయనమ్మ గోడకానుకుని ఊపిరి తీసుకుంది. "భయమేస్తోందే" అంది. ఆ మాట ఆమె నోట గుసగుస ఎప్పుడూ వినలేదు. ఏం చెయ్యాలో తెలియక చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

నర్సమ్మ గుమ్మంలోకి వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. డ్యూటీకి వెళ్ళినట్టు లేదు.

"ఇంకా ఎవరికైనా చెప్పడం మిగిలిపోయిందా పెద్దమ్మా?" అంది.

"లేదమ్మా. నీకే చెప్పాలి" అంది నాయనమ్మ. "నీ మాట నీది. నాకు దాచమని ఇచ్చావు. నేను దాన్ని తీసుకెళ్ళి నలుగురి మధ్యలో పెట్టాను. దేవుడికి చెబుతున్నానని అనుకున్నాను. కానీ వాళ్ళు వింటున్నారని నాకు తెలుసు. తెలిసే గొంతు పెంచాను."

గుసగుస ఉలిక్కిపడి నాయనమ్మ ముఖం చూసింది. ఆ చివరి మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేదీ కాదు.

"మా అత్తగారు ఏమన్నారో తెలుసా?" అంది నర్సమ్మ. "వీధిలో వాళ్ళందరికీ తెలిశాక నాకు తెలియాలా అన్నారు. అలిగి వాళ్ళ పెద్ద కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. టైలర్లు వేరే లేక మీ దగ్గరికి తెచ్చాననుకున్నారా ఆ యూనిఫాం? నా బట్ట కుడుతూ మీరు నా కోసం ప్రార్థన చేస్తారనే తెచ్చాను. పైకి వినపడకుండా చేస్తారని."

"అవును" అంది నాయనమ్మ.

ఆ తర్వాత 'అయినా' అని ఏదో ఒకటి అంటుందని గుసగుస ఎదురుచూసింది. తప్పు ఒప్పుకునే పెద్దవాళ్ళందరూ అంటారు. అయినా నీ మంచి కోసమే కదా, అయినా దేవుడి చిత్తం కదా అని. నాయనమ్మ అనలేదు. మోకాళ్ళు నొప్పి పుడుతున్నా గోడకి కూడా ఆనుకోకుండా నిలబడింది.

"రెండుసార్లు పోయింది పెద్దమ్మా" అంది నర్సమ్మ, ఈసారి మెల్లగా. "ఇది కూడా పోతే అందరూ వస్తారు ఓదార్చడానికి. ఆ ఓదార్పు నేను పడలేను."

"నేనేం చెయ్యాలో చెప్పు తల్లీ. ఎవరన్నా అడిగితే నాది నోటి దురద, నమ్మకండని చెప్తాను. ఇంక రావద్దంటే రాను."

ఇంట్లో ఎక్కడో కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. తుడుచుకోవడానికి పమిట లేక, నర్సమ్మ మోచేత్తోనే ముఖం తుడుచుకుంది.

"భయంగా ఉంది పెద్దమ్మా. పొద్దుటి నుంచీ..." అని, గుసగుసను చూసి ఆగిపోయింది. గుమ్మంలోంచి పక్కకి జరిగింది. "మీరు లోపలికి రండి."

నాయనమ్మ చెయ్యి విడిపించుకుని లోపలికి అడుగేసింది. అలవాటు చొప్పున గుసగుస కూడా వెనకాలే ఒక అడుగు వేసింది. ఇన్నాళ్ళూ వినాలనే కదా ఆమె వెనక తిరిగింది.

నాయనమ్మ వెనక్కి తిరిగి ఆ పిల్ల ముఖంలోకి చూసింది.

"నువ్వు కాదమ్మా" అంది. చప్పుడు కాకుండా, తన చేత్తోనే తలుపు వేసేసింది.