‘ఏదైనా అయితే’ డబ్బుతో వచ్చినదాన్ని

“అమ్మో, ఇది కింద పడితే ఏం గతండీ?”

ఈ ఇంట్లో నేను విన్న మొదటి మాట ఇది. అప్పటికి నన్నెవరూ కింద పడెయ్యలేదు. పెట్టెలోంచి బయటికైనా తియ్యలేదు. పెట్టె మూత సగం లేచిందో లేదో, వంటింటి గుమ్మం దగ్గర్నుంచి ఆ గొంతు వినపడింది. వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నాలాగే భయపడే మనిషి ఒకరున్నారు, ఇక ఫర్వాలేదు అనుకున్నాను.

నేను ఒక కెమెరాను. పెళ్ళిళ్ళలో మీరు చూసే రకాన్ని కాను. నన్ను రేంజ్‌ఫైండర్ అంటారు. నాకు పైన మూలగా ఒక చిన్న కిటికీ, మధ్యలో లెన్సు ఉంటాయి. కిటికీలోంచి మనిషి చూస్తాడు, లెన్సులోంచి నేను చూస్తాను. మనిషి చూసేది మనిషిది, నేను చూసేది నాది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. ఒక ఇల్లంతా దీనివల్లే తలకిందులైంది.

జర్మనీలో ఓ చిన్న ఊళ్ళో ఇత్తడి దిమ్మ చెక్కి నా పైకప్పు చేశారు. లోపలి అద్దాలని ఒక పెద్దావిడ ఊపిరి తగలకుండా మొహం పక్కకి తిప్పుకుని మరీ అమర్చింది. ఆ చేతులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పసిబిడ్డకి గోళ్ళు తీసే తల్లి కూడా అంత జాగ్రత్తగా తియ్యదేమో. ఇక నా ఖరీదంటారా, కొత్తలో నా డబ్బుతో ఒక కారొచ్చేది. లెన్సు కూడా కలుపుకుంటే ఆ కారుకి డ్రైవర్ని పెట్టి కొన్నాళ్ళు జీతమివ్వొచ్చు. విచిత్రమేమిటంటే నాకు వెనక తెర లేదు. తీసిన ఫొటో ఎలా వచ్చిందో అక్కడికక్కడ చూసుకోవడం కుదరదు, ఇంటికెళ్ళి కంప్యూటర్లో చూసుకోవాల్సిందే. తెర పెట్టలేదు గనక ధర తగ్గించి ఉంటారనుకుంటారు మీరు. ఇంకాస్త పెంచారు. మనుషులు కొన్నిసార్లు లేనిదానికే ఎక్కువ ఇస్తారు.

నన్ను మొదట కొన్నది కాకినాడలో పేరున్న ఎక్స్‌రే డాక్టరు ఇందుశేఖర్ గారు. ఆయన ఇంట్లో నాకు గాజు బీరువా, అందులో చిన్న దీపం, తేమ పీల్చే యంత్రం. ఆదివారం మెడలో వేసుకుని క్లబ్బుకి తీసుకెళ్ళేవారు. ఎదురుపడినవాళ్ళు ముందు నన్ను పలకరించి తర్వాత ఆయన్ని పలకరించేవారు. ఫొటోలు మాత్రం తక్కువే. ఓ కుక్కపిల్లవి, ఓ భోజనం పళ్ళెంవి. నాకూ అదే హాయిగా ఉండేది. బయటికెళితే ఏమవుతుందో ఎవరికి తెలుసు?

ఆయన దగ్గర ఎక్స్‌రేలు తీసే ఉద్యోగి సత్యలింగంగారు. ఆయన రిటైరైన రోజున ఆసుపత్రిలో సన్మానం చేశారు. శాలువా కప్పాక డాక్టరుగారు సరదాకి నన్ను ఆయన మెడలో వేశారు.

“ఇన్నాళ్ళూ మనుషుల లోపలివే తీశావు లింగం. ఒకసారి పైవి కూడా చూడు.”

సత్యలింగంగారు కిటికీకి కన్ను ఆనించారు. నా కిటికీ మధ్యలో ఒక చిన్న వెలుగు గడి ఉంటుంది. అందులో ఏ వస్తువైనా మొదట రెండుగా, ఒకదానికొకటి దూరంగా కనిపిస్తుంది. లెన్సు చుట్టూ ఉన్న రింగుని తిప్పితే ఆ రెండూ దగ్గరికి జరిగి ఒకటవుతాయి. అప్పుడు దూరం కుదిరినట్టు. ఆయనకి ముందు వరసలో కూర్చున్న ఆయన భార్య రెండుగా కనిపించింది. రింగు మెల్లిగా తిప్పారు. ఇద్దరు మంగతాయార్లూ కలిసి ఒక్క మంగతాయారైంది.

ఆయన రింగు మీంచి వేలు తియ్యలేదు. జీవితమంతా పక్కటెముకలూ, విరిగిన మోచేతులూ చూసిన మనిషి. ఇంటి మనిషి ముఖాన్ని అంత నిదానంగా ఎప్పుడు చూశాడో పాపం. నన్ను తిరిగిచ్చేశారు గానీ, ఆ నిమిషంలోంచి ఆయన మళ్ళీ బయటికి రాలేదు.

డాక్టరుగారికి నా తర్వాతి మోడలు వచ్చింది. అచ్చం నాలాగే ఉంటుంది, ధర కొంచెం ఎక్కువ. అందుకని నన్ను సత్యలింగంగారికి అమ్మేశారు. అలా నేను జగన్నాథపురంలో ఉప్పుటేరు దగ్గరున్న ఈ ఇంటికొచ్చాను. ఉప్పుగాలికి బూజు పడతానేమోనని నా దిగులు నాకుంది. కింద పడితే ఏం గతి అని అడిగిన గొంతు మంగతాయారుగారిది.

ఆవిడ ఎంత భయస్థురాలో చెప్పాలి. కూతురు బస్సెక్కిందంటే, చేరానని ఫోనొచ్చేదాకా కుర్చీ అంచుమీదే కూర్చుంటుంది. గ్యాస్ కట్టేశాక ఒకసారి, తాళం వేశాక తాళం తీసి ఇంకోసారి చూస్తుంది. భర్త గడప దాటుతుంటే “హెల్మెట్టు, రుమాలు, మాత్ర, లారీలొస్తాయి చూసుకోండి” అని ఒక్క ఊపిరిలో అనేస్తుంది. పెళ్ళైన నాటినుంచి ఇంటి ఖర్చులో మిగిల్చి బ్యాంకులో భర్త పేరు కూడా కలిపి డిపాజిట్టు వేసుకుంది. దాని పేరు ‘ఏదైనా అయితే’ డబ్బు. ఆ ‘ఏదైనా’ ఏమిటో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. పేరు పెడితే నిజంగా వస్తుందని భయం.

సత్యలింగంగారు రిటైర్‌మెంటు డబ్బు చాలక ఆ డిపాజిట్టు గడువుకి ముందే తీయించి నన్ను కొన్నారు. ఆవిడకి చెప్పలేదు. “పాతదేలే, డాక్టరుగారు చవగ్గా ఇచ్చారు” అన్నారు.

పిఠాపురం నుంచి కూతురు ప్రసూన, అల్లుడు హరగోపాల్ వచ్చినప్పుడు అల్లుడు నన్ను అటూ ఇటూ తిప్పి ఫోన్లో ఏదో వెతికాడు.

“అత్తయ్యగారూ, కూర్చోండి ముందు. మావయ్యగారు మెడలో కారేసుకు తిరుగుతున్నారండి! సెకండ్ హ్యాండే ఇంత ఉంది.”

ఆవిడ నవ్వింది. తర్వాత భర్త ముఖం చూసింది.

“డిపాజిట్టు?”

“ఏదైనా అయితే దీన్ని అమ్మేస్తాను తాయారూ. దీనికి ధర పెద్దగా పడిపోదు. బ్యాంకులో ఉంటే ఏంటి, మెడలో ఉంటే ఏంటి?”

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి ఆయనతో మాట్లాడలేదు.

వేళకి కంచం పెట్టేది. మాత్ర పక్కనే ఉండేది. మాట మాత్రం లేదు. అరిచే మనిషి అరిస్తే ఇల్లు భరిస్తుంది. అరవడం మానేస్తేనే ఇల్లు బెదురుతుంది. పొద్దున్నే సత్యలింగంగారు నన్ను మెడలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని, గడప దగ్గర కాసేపు నిలబడేవారు. హెల్మెట్టు, రుమాలు, మాత్ర అని వినపడుతుందేమోనని. వినపడేది కాదు. చెప్పులు మళ్ళీ సర్దుకుని వెళ్ళిపోయేవారు.

రేవు దగ్గర వలలు అల్లేవాళ్ళనీ, పడవలనీ తీసేవారు. ఎవరిని తీసినా పాత అలవాటే. “కదలొద్దు… ఊపిరి బిగబట్టండి… ఆఁ, ఇక వదలండి.”

వల అల్లుకుంటున్న ముసలమ్మ ఒకావిడ నోట్లోంచి చుట్ట తీసి అడిగింది: “ఏంటి బాబూ, ఇది ఫొటోకా, టీబీకా?”

ఆయన పకపకా నవ్వారు. ఆ నవ్వులో నేను తీసిన ముసలమ్మ ముఖం ఉంది చూశారూ, ఒక్కో ముడతలోనూ సముద్రం వెలుగు. అలాంటిది నా చేత తీయించగలరని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెట్టి, “తాయారూ, ఇటు చూడవే ఒక్కసారి” అని పిలిచారు. వంటింట్లో పోపు చిటపటలాడింది. అంతే.

ఆవిడ నన్ను మాత్రం వదల్లేదు. ఆయన బల్లమీద పెట్టి అటు తిరగగానే వచ్చేది. పాత నేతచీర ముక్కతో ఉప్పుగాలి జిగురు తుడిచేది. చెప్పుల డబ్బాల్లో, మందు సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలన్నీ ఏరి నా సంచిలో వేసేది. చివరికి లెన్సుకి నల్ల మూత టక్కున పెట్టేది. ఎందుకు పెట్టదు? ఆవిడ ‘ఏదైనా అయితే’ డబ్బంతా ఇప్పుడు నేనే.

ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోతుండగా, మూత పెట్టిన నన్ను రెండు చేతులా ఎత్తి నా కిటికీకి కన్ను ఆనించింది. వీధి కళ్ళముందు తళతళలాడింది. నా కిటికీలో ఫొటోకి వచ్చేంత మేర చుట్టూ ఒక తెల్ల గీత ఉంటుంది. గీతకి బయట కూడా కొంచెం లోకం కనిపిస్తుంది. గీతలోకి రాబోయే ఆటో, రాకముందే బయట కనిపించింది ఆవిడకి. గబుక్కున ఊపిరి పీల్చుకుంది. జీవితమంతా ఆవిడ చేసిన పని అదే కదా, రాబోయేదాన్ని ముందే చూడటం. అలా చూడటానికి ఇంత ఖరీదు పెట్టి ఒక వస్తువు చేస్తారని ఆవిడకి తెలియదు. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

“మూత ఉండగానే ఇంత బాగా కనబడుతోందే! ఖరీదు ఊరికే పోదు” అంది, తనలో తనే.

నాకు నోరుంటే అరిచేదాన్ని. అమ్మా, నువ్వు చూస్తున్నది కిటికీలోంచి, నేను చూడాల్సింది ఆ మూత వెనకనుంచి, అని. నోరు లేదు.

పిఠాపురంలో మనవడి అన్నప్రాసన జరిగింది. సత్యలింగంగారు నా మూత తీసి, నన్ను బల్లమీద పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళారు. జనం, పిల్లలు, పాయసం గిన్నెలు. మంగతాయారుగారి మనసు ఊరుకోలేదు. వచ్చి మూత పెట్టేసింది. మూత ఉన్నా కనబడుతుంది కదా, ఫొటోలకేం ఇబ్బంది? ఆయన తిరిగొచ్చి, తాను తీసిన మూత తీసినట్టే ఉందనుకుని నన్ను మెడలో వేసుకున్నారు. నలుపుమీద నలుపు, ఎవరూ చూడలేదు.

పిల్లాడి ముందు పుస్తకం, కలం, బంగారం పెట్టారు. వాడు వాటన్నిటినీ దాటుకుంటూ పాకి పాయసం గిన్నెలో రెండు చేతులూ ముంచాడు. “హోటలు పెట్టిస్తానురా!” అని హరగోపాల్ అరిచాడు. అందరూ నవ్వారు. ఇంకెవరినీ ఫొటోలు తియ్యనివ్వలేదు సత్యలింగంగారు. “నేనున్నాను కదా” అన్నారు. ప్రసూన మాత్రం ఫోన్లో ఒకటో రెండో తీసుకుంది. “ఊపిరి బిగబట్టండి” అంటూ ఆయన రోజంతా తీస్తూనే ఉన్నారు. నేను రోజంతా చీకటి తాగాను.

ఇంటికొచ్చి కంప్యూటర్లో పెడితే అన్నీ నలుపే.

ఫోన్లో హరగోపాల్ అన్నాడు: “పాడైన సరుకు అంటగట్టారండి మీకు.”

“అంతే అయ్యుంటుంది” అన్నారు ఆయన, మెల్లిగా. మూత తాను తీశానని ఆయనకి బాగా గుర్తు. ఇక తప్పు నాదే. నన్ను తిప్పి కూడా చూడకుండా బీరువాలో పెట్టి తాళం వేశారు. మళ్ళీ ఒకసారి నొక్కి చూడొచ్చు కదా అంటారు మీరు. ఎక్స్‌రే కవరు తెరవకుండానే ఇంటికి పట్టుకుపోయే రోగుల్ని ఆయన ఎంతమందినో చూశారు. ఇప్పుడు ఆయనే అలా అయ్యారు. తెరిస్తే డిపాజిట్టు పోయిందని తేలిపోతుంది. గడప దగ్గర నిలబడటం కూడా మానేశారు. నిలబడటానికి, అసలు బయటికెళితే కదా.

బీరువాలో నాఫ్తలీన్ వాసనలో నా బతుకు ఇంతే అనుకున్నాను. ఒక పొద్దున తలుపు తెరుచుకుంది. మంగతాయారుగారు. చేతిలో ఫోను, దాంట్లో ప్రసూన పంపిన ఫొటో. ఒక కన్ను మూసి, నన్ను ఇంకో కంటికి ఆనించుకున్న సత్యలింగంగారు అందులో ఉన్నారు. ఆవిడ రెండు వేళ్ళతో పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. లెన్సు మీద మూత ఉంది.

ఆవిడ గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడింది. నన్ను తీసుకెళ్ళి ఆయన ముందు బల్లమీద పెట్టి, ఎదురుగా గది కిటికీ వెలుగులో కుర్చీ వేసుకుని కూర్చుంది. కొంగు సర్దుకుంది.

“ఎందుకే ఇది? పాడైపోయిందిగా” అన్నారాయన.

ఆవిడ కుర్చీని ఇంకాస్త వెలుగులోకి జరుపుకుంది.

“నిన్ను తియ్యమంటావా?”

ఆవిడ కదల్లేదు.

ఆయన నన్ను ఎత్తారు, ఆవిడ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక. కన్ను ఆనించారు. ఇద్దరు మంగతాయార్లు, మధ్యలో ఎడం. రింగు తిప్పారు. ఎడం తగ్గింది, తగ్గింది, పోయింది. ఒక్కతే ఉంది, కళ్ళనిండా నీళ్ళతో.

“కదలకు తాయారూ. ఊపిరి బిగబట్టు.”

ఆవిడ ఊపిరి బిగబట్టింది. వీధిలో కొబ్బరిబొండాల బండి వెళ్ళిపోయింది. ఆయన వేలు మీట మీదే ఉంది, నొక్కడానికి భయం. నొక్కితే తేలిపోతుంది.

“ఊపిరి తర్వాత బిగబడతాను గానీ,” అంది మంగతాయారుగారు, “ముందు ఆ మూత తియ్యండి. అన్నప్రాసన నాడు నేనే పెట్టాను, ఇంకా అలాగే ఉంది. మెల్లిగా, మెల్లిగా! కింద పడితే ఏం గతండీ?”