వెనకబడిన పిల్ల

బోర్డు మీది అంకెలు పిల్ల కంటికి ఆనడం మానేసి చాలాకాలమైంది. పక్కపిల్ల పుస్తకంలోకి తొంగిచూసి రాసుకుంటూ నెట్టుకొస్తోంది.

"ఏమే, నా పుస్తకమేమన్నా నీ పుట్టిల్లా? అస్తమానం తొంగిచూస్తావ్!" అని పక్కపిల్ల మోచేయి అడ్డం పెట్టిన రోజున మాత్రం లెక్కలన్నీ తప్పేవి.

ఇంట్లో చెప్పలేదు. చెబితే కళ్లజోడు కొనడానికి అమ్మ ఇంకో నాలుగిళ్ల బట్టలు ఒప్పుకుని, ఇస్త్రీపెట్టె మీద ఇంకాస్త వంగిపోతుంది.

చివరికి లెక్కల సారే కనిపెట్టాడు. ఆ ఏడు, ఇబ్బందుల్లో ఉన్న పిల్లల కోసమని బడికి అదనంగా డబ్బు వచ్చింది. అందులోంచి నీకు కళ్లజోడు ఇప్పిస్తారని ఆయన చెవిన వేసినప్పటినుంచీ పిల్లకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఇక అమ్మ వచ్చి సరేననాలి, అంతే.

అమ్మ ఉన్నవాటిలో మంచి చీరను మడత చెదరకుండా ఇస్త్రీ చేసి కట్టుకొచ్చింది. పెద్ద మేడం గదిలో అప్పటికే ఇద్దరు తల్లులు బెంచీ మీద వంతు కోసం చూస్తున్నారు.

"కూర్చోమ్మా. వెనకబడిన పిల్లల కోసం డబ్బు వచ్చింది. మీ అమ్మాయికి కూడా ఇద్దామని," అంది పెద్ద మేడం నవ్వుతూ.

కూర్చోబోతున్న అమ్మ ఆగిపోయింది.

"ఎవరండీ వెనకబడింది? మా పిల్లా? మొన్న క్లాసులో నాలుగోదిగా వచ్చిందండీ ఇది!"

"చదువులో అని కాదమ్మా..."

"మరి దేంట్లో అండీ?"

మేడం ఓసారి బెంచీ వైపు చూసింది. దేంట్లోనో ఆ బెంచీ వాళ్ల ముందు ఎలా చెబుతుంది? వాళ్లలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాటకు డబ్బులేనివాళ్లనే రెండో అర్థం ఉందని పిల్లకు తెలుసు. అమ్మ పక్కకు ఇంకాస్త జరిగి నిలబడింది.

"కళ్లు సరిగా కనపడట్లేదన్నారు సారు. కళ్లజోడు..." అంది మేడం.

"చుక్కల్లాంటి కళ్లండీ! ఏమే, నీకు కనపడట్లేదా? అదిగో, ఆ గోడ మీదిది చదువు."

గోడ మీద నల్లటి మరకలే తప్ప అక్షరాలు లేవు పిల్లకు. అయితే అక్కడ ఏముందో తెలుసు. రోజూ పొద్దున అందరూ కలిసి చెప్పేదే. అమ్మ ముఖంలోకి చూసింది. అంత దగ్గరగా ఉన్నది బాగానే కనిపించింది. అమ్మ పెదవి వణుకుతోంది.

"ఎల్లప్పుడూ నిజమే పలుకుతాను. పెద్దలను గౌరవిస్తాను. తోటివారికి సాయపడతాను," గడగడా అప్పజెప్పేసింది.

"చూశారా! ఆ డబ్బేదో నిజంగా వెనకబడ్డ పిల్లలకివ్వండి, పుణ్యముంటుంది."

ఒక్కమాటైనా అంటుందేమోనని మేడం పిల్ల వైపు చూసింది. పిల్ల తల వంచుకుంది. మేడం బెంచీ మీదామెను రమ్మంది.

బస్టాపు దాకా అమ్మ చెయ్యి వదల్లేదు.

"వెనకబడిందట! ఆ మేడం మొహం ఎలా మాడిందో చూశావా? నా పరువు నిలబెట్టావు తల్లీ."

అమ్మకు చదువు రాదు. బస్సు ఏదో చూసి చెప్పేది పిల్లే. ఈమధ్య అమ్మ ఏమరుపాటున ఉన్నప్పుడు పక్కవాళ్లను మెల్లగా అడిగి నెట్టుకొచ్చేది. ఈరోజు అమ్మ కళ్లు తన మీదే ఉన్నాయి. దుమ్ము లేపుకుంటూ ఒక బస్సు వచ్చి ఆగింది.

"మనదేనా?"

"మనదే అమ్మా."

సీటు దొరకగానే అమ్మ పక్కామెతో మొదలెట్టింది. "మా పిల్ల ఉంది చూశారూ..." బస్సు కూడలి దగ్గర ఎప్పుడూ తిరగని వైపు తిరిగింది. పిల్ల నోరు తెరిచింది. అమ్మ నవ్వుతూ తన తల నిమరడంతో మళ్లీ మూసుకుంది.