గాజుపట్టీ మీద తేదీ

తడి సున్నం వాసన.

ఆ వాసన నడుమ, గోడ పగులుకు అడ్డంగా, వేలెడు గాజుపట్టీ. దాని మీద కిటికీ వెలుగు — కదలకుండా.

ఆ కదలకపోవడాన్నే ఆరు నెలలుగా నమ్మాను. దేవుణ్ణి నమ్మనివాణ్ణి... గాజును నమ్మాను.

పద్ధతి చిన్నది. పగులుకు రెండు వైపులా గాజును అతికిస్తాం. గోడ వెంట్రుకవాసి జరిగినా గాజు విరుగుతుంది. విరగలేదా — గోడ నిలిచినట్టే. ఉద్యోగకాలమంతా కట్టడాల నాడి అలాగే చూశాను.

ఈ కాన్వెంటు ప్రార్థనామందిరం ఒకప్పుడు ధాన్యపు కొట్టు. నూట నలభై ఏళ్ల కిందట పదకొండుమంది మఠకన్యలు ఎలుకలను తరిమి ఇక్కడ బలిపీఠం నిలిపారు. ఏటా ఒక పూత సున్నం. రాలిన పెచ్చును భూతద్దం కింద పెట్టి పొరలు లెక్కించాను — నూట ముప్పై ఎనిమిది. రెండేళ్లు తప్పాయి. విషజ్వరాల ఏళ్లట. సున్నం కలిపే చేతులన్నీ రోగుల దగ్గరే ఉండిపోయాయట.

ఆ ‘అట’లన్నీ మా అక్కవి.

ఇరవై మూడో ఏట మఠకన్యగా ఈ గడప దాటి వచ్చింది. ఇప్పుడు ఎనభై ఒకటి. ఆమె ఇల్లు వదిలిన రోజు, పన్నెండేళ్ల నేను, అలిగి మేడ దిగలేదు.

ఇక్కడ మిగిలింది ఆరుగురు. గోడకు ఢోకా లేదని నేను రాసిస్తే మందిరం రక్షిత కట్టడమవుతుంది. వాళ్లు ఇక్కడే ఉంటారు. లేదంటే — తాళం. ఆరుగురూ ఆరు ఊళ్లకు.

పదిహేను రోజులకొకసారి వచ్చాను.

"దేవుడు లేడంటావు, నెలకు రెండుసార్లు గుడికొస్తావు," అనేది అక్క. "ఉన్నాడన్నవాళ్లే ఆదివారాలు ఎగ్గొడుతున్నార్రా. నువ్వే నయం."

ఇవాళ పదమూడోసారి. నివేదిక సంచిలో ఉంది. ‘స్థిరం’ అని రాసి, కింద సంతకానికి చోటు వదిలాను. చివరిగా ఒకసారి చూద్దామని వంగాను.

గాజు మీద, అతికించిన రోజు నేను సిరాతో వేసిన తేదీ. అందులో ఏడు అంకె.

ఏడు నడుముకు అడ్డగీత.

నేను ఏడుకు అడ్డగీత పెట్టను.

ఆ గీత ఎవరిదో తెలుసు. ఏటా నా పుట్టినరోజుకు వచ్చే ఉత్తరం మీద చూస్తూనే ఉన్నాను.

అడిగాను. దాచలేదు.

"అవున్రా, విరిగినప్పుడల్లా మార్చాను. నువ్వు వేసిన తేదీయే చూసి వేశాను. పగిలినదాన్ని సాయంత్రం గంట కొట్టేలోగా బాగుచెయ్యాలి — ఇక్కడి నియమం. కప్పయినా, కిటికీ అయినా."

మోసం కాదు. మోసమైతే కోప్పడి ఊరుకునేవాణ్ణి.

పగిలిందా అని చూశాను. పన్నెండుసార్లు. రాత ఎవరిదని... ఒక్కసారీ చూడలేదు.

అక్క బిస్కెట్ల డబ్బా తెచ్చింది. ఈ ఇంట్లో ఏదీ పారెయ్యరు. విరిగిన గాజులు తొమ్మిది, తొమ్మిది కాగితాల్లో పొట్లాలు కట్టి. ఒక్కో పొట్లం మీద, అది విరిగిన రోజు.

నా పరిశీలన కంటే ఖచ్చితమైన పరిశీలన.

మొదటి రెంటికీ మధ్య ముప్పై ఒక్క రోజులు. తర్వాత ఇరవై ఎనిమిది. ఇరవై అయిదు... చివరి రెంటికీ మధ్య పదకొండు.

తొమ్మిదోది విరిగి ఇవాళ్టికి తొమ్మిది రోజులు.

నివేదిక తీశాను. ‘స్థిరం’ కొట్టేశాను. దాని పక్కన కలం ఆగింది. పెట్టాల్సిన మాట తెలుసు. ఆ మాట తర్వాత అక్క ఏ ఊరి బస్సెక్కుతుందో తెలియదు.

మధ్యాహ్నపు ప్రార్థనకు గంట కొట్టారు. అవతలి గోడ వైపు కూర్చోమన్నాను. ఐదుగురు లేచి జరిగారు.

అక్క జరగలేదు.

"యాభై ఎనిమిదేళ్ల చోటురా ఇది. నీకు గోడ కొత్త. నేను దానికి పాత."

లేపాలని చూశాను. చిన్నప్పుడు నన్ను బడికి లాక్కెళ్లిన చెయ్యి — బల్ల అంచును వదల్లేదు.

నివేదిక మడిచాను. ఆమెకూ గోడకూ నడుమ జానెడు జాగా ఉంది. అందులో సర్దుకుని కూర్చున్నాను.

వాళ్లు ప్రార్థించారు. నేను చెవులు రిక్కించాను.

తడి సున్నం వాసన.

గాజుపట్టీ మీద వెలుగు — కదిలింది.

పొద్దు వాలుతోందా...

గోడా...