నేను అడిగిన పద్యం

కడియంలో మా నర్సరీకి వచ్చిన మనిషి నడక చూసి, ఎన్ని మొక్కలు కొంటాడో చెప్పగలను. ఎవరికి కుర్చీ వెయ్యాలో, ఎవరికి మంచినీళ్ళు ఇచ్చి పంపాలో, ఎవరు ఏం మాట వింటే లొంగుతారో నాకు తెలుసు. ఈ తెలివితోనే ఇల్లు కట్టాను, లారీలు కొన్నాను. ఒక మనిషి నోటి దగ్గర కూడు పడగొట్టింది కూడా ఈ తెలివే.

2003లో మా లారీలు స్కూళ్ళకి మొక్కలు మోసేవి. పుణ్యానికి కాదు. స్కూలు గోడ మీద మా నర్సరీ పేరు ఉంటే, ఆ ఊరి రైతు తోట వేసేటప్పుడు మా గుమ్మంలోకే వస్తాడని నా ఆలోచన. కానీ మొక్కలు దింపి వచ్చేస్తే ఎవరు చూస్తారు? జనం పోగవ్వాలి. అందుకని కొవ్వూరు నుంచి ఒక పద్యనాటకం కంపెనీని మాట్లాడాను. ఆరుగురు మనుషులు, ఒక హార్మోనియం, రెండు ట్రంకు పెట్టెలు. ఆడవాళ్ళు లారీ క్యాబిన్‌లో, మగవాళ్ళు వెనక మొక్కల మధ్య. రాజ్యం పోయిన రాణి ఏరు దాటించమని పడవవాణ్ణి బతిమాలే కథ. వాళ్ళే రాసుకున్నారు. పిల్లల కోసం గంటలో అయిపోయేలా కుదించారు.

రాణి వేషం సత్యకుమారి గారిది. యాభై దాటిన మనిషి. కిరీటం పెట్టుకుంటే ముప్పై ఏళ్ళ మనిషిలా కనిపించేవారు. చివర్లో ఆమె పాడే పద్యానికి స్కూలంతా నిశ్శబ్దమైపోయేది. నాకు సంగీతం తెలియదు. అలా నిశ్శబ్దమైనప్పుడు గోడ మీద మా పేరు వంక చూసుకునేవాణ్ణి.

మొదటి రోజే హార్మోనిస్టు ఏసుపాదం నన్ను పక్కకి పిలిచాడు.

"చినబాబు గారూ, ఒక్క మాటండి. ఆవిడ గొంతు బాలేదు. రాజమండ్రి డాక్టరు గారు పై స్థాయి అసలు వద్దన్నారు. ఆ ఒక్క పద్యం ఒక్కసారి పాడుతుంది. వన్స్ మోర్ మాత్రం ఎవరినీ అననివ్వకండి."

"అంటే ఏమవుతుంది? పాడనంటే సరిపోదా?"

"వన్స్ మోర్ అంటే పాడనని చెప్పటం మా దగ్గర లేదండి. అడిగినవాళ్ళని కాదంటే స్టేజీ ఎక్కకూడదని వాళ్ళ గురువు గారి మాట. ప్రాణం పోయినా పాడేస్తుంది."

సరేనన్నాను. పదకొండు స్కూళ్ళలో మాట నిలబెట్టుకున్నాను కూడా. పెద్దవాళ్ళెవరైనా నోరు తెరవబోతే ముందే చప్పట్లు మొదలుపెట్టేవాణ్ణి.

పన్నెండోది, ఆఖరిది, జంగారెడ్డిగూడెం దగ్గర ఒక ప్రైవేటు హాస్టలు స్కూలు. ఆ స్కూలు కరస్పాండెంటు గారు పిల్లలకి పాటలూ పద్యాలూ నేర్పే మనిషి కోసం చూస్తున్నారు. ఉండటానికి గది, తిండి హాస్టల్లోనే. పదకొండింటికి నాటకం, మూడింటికి తొమ్మిదో తరగతి పిల్లలకి ఒక పద్యం నేర్పి చూపించాలి. నచ్చితే జూన్ నుంచి ఉద్యోగం. సత్యకుమారి గారికి నా అన్నవాళ్ళు లేరు. కంపెనీ ఆ ఏడుతో మూతపడేలా ఉంది.

ఆ పొద్దున లారీలో ఆమె నవ్వుతూనే ఉన్నారు.

"ఇవాళ్టితో మీ లారీ ఎక్కనండి, చినబాబు గారూ. మీ మొక్కలతో పాటు నేనూ అక్కడే దిగిపోతాను."

వెనక చెక్కసందులోంచి ఏసుపాదం అన్నాడు: "దిగాక వారం రోజులు నీళ్ళు పొయ్యాలమ్మా. లేకపోతే వాడిపోతావు."

"నువ్వు ముందు ఆ హార్మోనియం మీద నీళ్ళు పడకుండా చూసుకో."

దారంతా ఇంకేమీ మాట్లాడలేదు. గొంతు దాచుకుంటున్నారు.

ఆ నాటకానికి నేను భీమవరం వైపు నుంచి వెంకటరామరాజు గారిని పిలిచాను. చేపల చెరువుల మీద సంపాదించి ఆ మెట్ట ప్రాంతంలో భూమి కొన్నారు. ఎనిమిది వేల కొబ్బరి మొక్కలు కావాలి. నాతో పాటు మరో ఇద్దరు నర్సరీల వాళ్ళు ఆయన చుట్టూ తిరుగుతున్నారు. కంపెనీ వాళ్ళకి ఆయన్ని, ఆయన వెయ్యబోయే తోటనీ పరిచయం చేసి, ముందు వరసలో నా పక్కనే కూర్చోబెట్టాను.

పద్యం అయింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. రాజు గారు తొడ మీద చరుచుకున్నారు.

"ఏంటండి, ఒక్కసారితో వదిలేస్తారా? మా ఊళ్ళో అయితే నాలుగుసార్లు పాడించేవాళ్ళం. మీ కడియం వాళ్ళకి మొక్కలే గాని పద్యం పట్టదా?"

"అది కాదండి..."

"కంపెనీని తెచ్చింది మీరు. మీరు అడగాలి. నేనడిగితే మర్యాద కాదు."

స్టేజీ మీద ఏసుపాదం నా వంకే చూస్తున్నాడు. మూడింటి సంగతి నాకు గుర్తుంది. మరిచిపోయి చేశానంటే అది అబద్ధం. ఒకసారికి ఏం కాదులే అనుకున్నాను. అంతకన్నా నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఎనిమిది వేల మొక్కలు ఒక వైపు, ఆమె గొంతు ఒక వైపు పెట్టి చూశాను.

లేచి నిలబడి "వన్స్ మోర్" అని అరిచాను.

ఆమె నా వైపు తిరిగి దణ్ణం పెట్టి మళ్ళీ పాడారు. అక్కడితో అయిపోయేదేమో. కానీ ఆ పిల్లలు అంతకు ముందు నాటకం చూసినవాళ్ళు కాదు. అలా అరవచ్చని వాళ్ళకి నేనే నేర్పాను. రెండోసారి పూర్తవగానే నాలుగు వందల మంది ఒక్క గొంతుతో "వన్స్ మోర్" అన్నారు. అది వాళ్ళకి ఆట. నేను చెయ్యెత్తితే టీచర్లు ఆపేవాళ్ళే. ఏసుపాదం హార్మోనియం మీంచి చేతులు తీసేసి నా కోసం చూశాడు. పక్కన రాజు గారు పడిపడి నవ్వుతున్నారు. నేను చెయ్యెత్తలేదు.

మూడోసారీ పాడారు. నాలుగోసారీ పాడారు. చివరి రాగం దగ్గర గొంతు చిరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. హార్మోనియం గట్టిగా వాయించి ఏసుపాదం దాన్ని కప్పేశాడు.

మూడింటికి తరగతి గదిలో ఆమె చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డారు. నోరు తెరిచారు. ఉత్త గాలే వచ్చింది. నీళ్ళు తాగి మళ్ళీ తెరిచారు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఈరోజు అలిసిపోయినట్టున్నారమ్మా. కబురు చేస్తాంలెండి," అన్నారు కరస్పాండెంటు గారు.

గుమ్మంలో నేనూ రాజు గారూ ఉన్నాం. తప్పు నాది, ఈమెకి ఇంకో రోజు ఇవ్వండి అని ఒక్క మాట చెప్పాలి. చెబితే, ఎవరి ముచ్చట కోసం అరిచానో అది కూడా బయటపడుతుంది. రాజు గారి మొహం చిన్నబోతుంది. ఊరుకున్నాను.

జీపు ఎక్కుతూ రాజు గారు అన్నారు: "తొలకరికి ఎనిమిది వేలు పంపించండి, చినబాబు గారూ."

మొక్కలు పంపాను. స్కూలు నుంచి కబురు రాలేదు.

రెండేళ్ళ తర్వాత కొవ్వూరులో పని పడింది. ఆమె ఇల్లు కనుక్కుని వెళ్ళాను. జరిగింది చెప్పి క్షమించమని అడగాలనే వెళ్ళాను. చేతిలో రెండు మల్లె మొక్కలు పట్టుకెళ్ళాను. ఖాళీ చేతులతో వెళ్ళటం నాకు రాదు.

ఒంటి గది. చాప మీద అట్టముక్కలు, జిగురు, బంగారు రంగు కాగితాలు. స్కూళ్ళ యానివర్సరీలకి కిరీటాలు చేస్తున్నారు. నన్ను చూడగానే లేచి కుర్చీ వేశారు. మాట బొంగురుగా, దగ్గరికి వంగితే గాని వినపడనంత సన్నగా ఉంది.

"మీ గురించి అందరికీ చెబుతానండి. ముప్పై ఏళ్ళు పాడాను. పేమెంటు ఇచ్చినవాళ్ళు లేచి నిలబడి వన్స్ మోర్ అనటం నేనెరగను. పదకొండు స్కూళ్ళలో ఊరుకున్నారు. ఆఖరి రోజు ఆపుకోలేకపోయారు. గొంతు ఎప్పటికైనా పోయేదే. అలా పోవటం నా అదృష్టం."

ఆమె సంతోషం ఎందుకు చెడగొట్టటం అనుకున్నాను. అందులో నాకు కలిసొచ్చింది కూడా చూసుకున్నాను. ఆమె దృష్టిలో నేను మంచివాణ్ణి. ఇక్కడా లాభమే.

ఆమె కిరీటానికి తళుకు అంటిస్తూ ఆగారు.

"ఎప్పటి నుంచో అడగాలని ఉందండి. ఆ పద్యంలో ఏ ముక్క కోసం అడిగారు? రెండోసారి పాడేటప్పుడు అది తెలియక అంతా ఒకేలా పాడేశాను. తెలిస్తే అక్కడ ఇంకాస్త నిలబడేదాన్ని."

వెతుక్కున్నాను. పన్నెండు స్కూళ్ళలో పదిహేనుసార్లు విన్న పద్యం. అందులో ఒక్క మాట గుర్తు రాలేదు. మొదటి మాట కూడా.

ఆమె నా మొహంలోకి చూశారు. ఆ చూపులో కోపం వస్తే బాగుండేది. మెల్లగా తల వంచుకుని చేతిలో కిరీటాన్ని ఇటూ అటూ తిప్పారు.

"రాజు గారు పక్కనే కూర్చున్నారు కదండీ ఆ రోజు," అన్నారు.

నేను అవునని తలూపాను.

"తోట బాగా పెరిగిందా?"

"పెరిగిందండి."

ఆమె తళుకు అంటించటం మొదలుపెట్టారు. మళ్ళీ నా వంక చూడలేదు. మల్లె మొక్కలు గుమ్మం పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని వచ్చేశాను.