నాన్నకి తెలుగు రాదు

మా బుడంకాయకి నాలుగేళ్లు. బడిలో చేరి ఇంతకాలమైనా ఈ ఊరి భాషలో పెదవి విప్పడం లేదని మా ఆయన బెంగ పెట్టుకున్నారు. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. ఏది ఆగిపోయినా కదిలించేదాకా ఊరుకోలేరు.

"ఇవాళ్టి నుంచి దాంతో ఈ ఊరి భాషే మాట్లాడతా. తెలుగు నీ వాటా," అని ప్రకటించి, అన్నంత పనీ చేశారు.

పిల్ల ఆయన్ని తేరిపార చూసి, వంటింట్లోకొచ్చి నా చెయ్యి లాగింది.

"అమ్మా, నాన్నకి మన మాటలు పోయాయా?"

"అలాగే ఉందే," అన్నాను కూర కలుపుతూ.

దానికి ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. బడిలో చెవినపడ్డ మాటలన్నీ పోగేసుకొచ్చి ఆయనకు అందించడం మొదలుపెట్టింది: నీళ్లు, చెంచా, కూర్చో, తోసుకోవద్దు. మా ఆయన మీసాల్లో నవ్వుకున్నారు.

భోజనాల దగ్గర దుబాసీ కూడా అదే. ఆయన ఆ భాషలో ఉప్పు తగ్గిందన్నారు.

"నాన్న కూర బాగుందంటున్నాడు," అంది నాతో.

"సంతోషమని చెప్పు."

"నాన్న సాక్సులు కంపు కదమ్మా?"

"హుష్, వింటారు."

"విన్నా తెలీదులే."

ఆయనకు పొలమారింది.

అక్కడితో ఆగితే బాగుండేది. పడుకునే ముందు ఆయన పక్కలో చేరి, లిఫ్టులో ఇరుక్కున్న ఏనుగు కథ చెప్పించుకోవడం దాని అలవాటు. ఆయన కొత్త భాషలో మొదలెట్టగానే భుజం తట్టి, దిండు తీసుకుని నా దగ్గరకొచ్చేసింది.

"పాపం, నాన్నకి కథ రాదు. నువ్వు చెప్పు."

మర్నాడూ అంతే.

"నా ఏనుగు కథ నీకెలా వచ్చు?" అని ఆయన వంటింట్లో గుసగుసగా నిలదీశారు, తెలుగులోనే.

"రాదు. తోచినట్టు చెప్పి, ఏనుగుని కిందకి దింపేశాను."

"దింపేస్తే ఇంక కథేముంది?"

మనిషి మొహం వాడిపోయింది. ఆ సాయంత్రమే పట్టుదల గాలికొదిలేశారు.

"బుడంకాయ్, నాకు తెలుగొచ్చు. రా, కథ చెప్తా."

పిల్ల కళ్లు ఇంతింత చేసుకుంది. "అమ్మా, నాన్నకి మాటలొస్తున్నాయి." వెంటనే ఆయన్ని నేలమీద కూర్చోబెట్టి, వాళ్ల టీచరమ్మలాగే ఎదురుగా నిలబడి, తన ముక్కు మీద వేలు పెట్టుకుంది.

"ముక్కు. అను."

"ముక్కేంటమ్మలూ, నాకు మొత్తం..."

"గబగబా వద్దు నాన్నా, కష్టం. ముక్కు."

"ముక్కు."

"మళ్లీ."

"ముక్కు. ఇప్పుడు ఏనుగు చెప్పనా?"

"ఏనుగు రేపు. ఇవాళ చెవి."

ఆయన నా వంక చూశారు. నేను బట్టలు మడతపెట్టడంలో తలమునకలై ఉన్నాను. చేసేదిలేక, బుద్ధిగా చెవి పట్టుకున్నారు.