నల్లతెర

నీటికాసుల జబ్బు నా రెండు కళ్లూ తీసుకున్నాక, మా ఆవిడ శ్రీదుర్గ తమ్ముడు కిరీటి ఒక రేడియో తెచ్చి నా చేతిలో పెట్టాడు. "హాయిగా ఇంట్లో కూర్చుని పాటలు వినండి బావగారూ. కొట్టు నేను చూసుకుంటా" అన్నాడు.

వన్ టౌన్‌లో చేపల వలల హోల్‌సేల్ కొట్టు మాది. వలని వేళ్ల మధ్య పట్టి ముడి ఎలా చూడాలో వాడికి నేర్పింది నేనే. వలలు నేసే మిల్లు వాళ్లని ఏజెన్సీ తన పేరుకు మార్చమని వాడు అడుగుతున్నాడని నెల తిరక్కుండానే తెలిసింది. ఏజెన్సీ పోతే కొట్టులో మిగిలేవి గోడలు.

రేడియోని బీరువా మీద పెట్టించి, పటమటలో క్రిస్టినా ఇంటికి వెళ్లాను. ఆమెకి పుట్టుకతోనే చూపు లేదు, బ్యాంకులో ఆఫీసరు.

"తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయండి. మీకు దేనికి కావాలి?"

"పగ తీర్చుకోడానికమ్మా."

ఆమె నవ్వింది. "అయితే అన్నీ చూపించాల్సిందే."

సరుకు కొన్నట్టే చూశాను. విండోస్ కంప్యూటర్లో ఎన్‌వీడీఏ ఉచితం. పనంతా కీబోర్డు మీదే అయిపోతుంది, తెలుగు మాత్రం రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది. అయినా కొట్టు లెక్కలకి అదే ఖాయం చేసుకున్నాను. లైనక్స్‌లో ఓర్కా కూడా ఉచితమే గానీ మా బిల్లింగ్ ప్రోగ్రాం ఆ సిస్టంలో ఎక్కదు. ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ గొంతు ఇంట్లో మనిషి పలికినట్టుంది, ఫోనూ చవకే. ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ నా వేళ్లకి తొందరగా పట్టుబడింది.

"మూడు వేళ్లతో మూడుసార్లు తట్టండి" అంది క్రిస్టినా. తట్టాను. "ఇప్పుడు తెర నల్లబడిపోయింది. లోపల ఫోను పని చేస్తూనే ఉంటుంది. పక్కవాళ్లు తొంగిచూసినా ఏమీ కనపడదు."

"చూసినవాడు ఏమనుకుంటాడు?"

"ఆపేసి ఉందనుకుంటాడండి."

బేరం అక్కడ కుదిరింది.

మర్నాటి నుంచి చెవిలో ఇయర్‌ఫోను, చేతిలో నల్లటి ఫోనుతో కొట్టులో ఓ మూల కూర్చున్నాను. "బావగారి పలక" అని కిరీటి గుమాస్తాలతో నవ్వేవాడు. నవ్వనిచ్చాను. ఆ నలుపు వాడికి అలవాటు కావాలి.

ఏజెన్సీ రెన్యువల్ రోజులొచ్చాయి. మిల్లు యజమాని మల్లికార్జునరావు గారు ఫోన్ చేశారు. "మీరు వ్యాపారం మానేస్తున్నారటగా?"

"కాసేపు లైన్లోనే ఉండండి. ఏమీ మాట్లాడొద్దు, వినండి చాలు" అని, ఫోను బల్ల మీద పెట్టి కిరీటిని పిలిచాను.

"ఏరా, మిల్లుకి నామీద ఏం చెప్పావు?"

వాడి చూపు ముందు ఫోను మీదే పడి ఉంటుంది. కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్న చప్పుడైంది.

"ఉన్నదే చెప్పా. మీకు సరుకు తెలీట్లేదు, కైకలూరు చెరువుల రైతులు గోల పెడుతున్నారని."

"వాళ్లకి వెళ్లిన వలలు నేను పట్టి చూడలేదే."

"అది మిల్లు సరుకైతేగా. నాసిరకం తెప్పించి వాళ్ల లేబుల్ కుట్టించా. మాట మీ మీదకి వచ్చింది. వెళ్లి చెప్పుకోండి, సాక్షి ఎవరున్నారు?"

"మల్లికార్జునరావు గారు కనిపెట్టరా?"

"ఆయనా? బందరు లడ్డూ పెట్టె పట్టుకెళ్లి కాళ్లకి దండం పెడితే ఏదైనా నమ్ముతాడు."

ఇయర్‌ఫోను పీకేసి స్పీకరు పెట్టాను.

"లడ్డూ బాగుంది కిరీటీ" అన్నారు మల్లికార్జునరావు గారు. "సాక్షికి నేను సరిపోతానా?"

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. అంత కమ్మని చప్పుడు నేనెప్పుడూ వినలేదు.

ఏజెన్సీ నా పేరునే ఉంది. కైకలూరు వలలన్నీ వాడి చేతే వెనక్కి తెప్పించి, మిల్లు సరుకు పంపించాను, ఆపైన వాణ్ణి కొట్టు మాన్పించాను. "వాడు నా తమ్ముడండీ" అని శ్రీదుర్గ ఏడ్చింది. పోలీసుల దాకా వెళ్లనిది ఆమె కోసమే.

కొన్నాళ్లకి వాడు ఇంటికొచ్చాడు. "గుమాస్తాగానైనా పెట్టుకోండి బావగారూ."

బీరువా మీది రేడియో దింపించి వాడి చేతిలో పెట్టాను.

"బ్యాటరీలు కొత్తవి వేయించానురా. చాలాకాలం వస్తాయి."